కరెంటు పోతే మినీ పీసీ నడుస్తూనే ఉంది, ఎక్స్‌టర్నల్ డిస్క్ మాత్రం ఊడిపోతోంది: ఇన్వర్టర్ ఉన్నా ఎందుకిలా?

తణుకు_కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో పనిచేస్తున్నాను, సర్వర్ మాత్రం తణుకులో అమ్మానాన్నల దగ్గర ఉంది. ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ, డెబియన్ 12 లినక్స్. దానికి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో 8 టీబీ, 3.5 అంగుళాల హార్డ్ డిస్క్. ఇమ్మిచ్ అనే ఫోటోల యాప్‌లో ఇంటిల్లిపాది ఫోటోలు, జెల్లీఫిన్ అనే వీడియోల యాప్‌లో నాన్న చూసే పాత సినిమాలు, ఇవి కాక తాతయ్య పద్యాలు పాడిన క్యాసెట్ల నుంచి ఎక్కించిన రికార్డింగులు. ఆ క్యాసెట్లు ఇప్పుడు పాడైపోయాయి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ప్యూర్ సైన్ వేవ్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో మినీ పీసీకి ఏమీ కాదు. డిస్క్ మాత్రం డిస్‌కనెక్ట్ అవుతుంది. కెర్నల్ లాగ్‌లో ముందు 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్', తర్వాత వరసగా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు, చివరికి ఈఎక్స్‌టీ4 (డిస్క్ మీది ఫైల్ సిస్టమ్) జర్నల్ ఆగిపోయిందన్న మెసేజ్. డిస్క్ మళ్ళీ వచ్చేసరికి సిస్టమ్‌లో దాని పేరు ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీబీ అవుతుంది. కంటైనర్లన్నీ (డాకర్‌లో ఈ యాప్‌లు నడిచే విడి విడి పెట్టెలు) పాత మౌంటునే, అంటే డిస్క్‌కి వెళ్ళే పాత దారినే పట్టుకుని వేలాడుతుంటాయి. కొన్నిసార్లు ఎన్‌క్లోజర్ తిరిగి ఆన్ కూడా కాదు, అమ్మకి ఫోన్ చేసి వెనక బటన్ నొక్కమనాలి.

మొన్నటి గాలివానకి సాయంత్రమంతా కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆ తర్వాత ఫైల్ సిస్టమ్ చెక్ చేస్తే కొన్ని ఫైళ్ళు పేర్లు పోగొట్టుకుని లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో తేలాయి. చాలా టెన్షన్‌గా ఉంది. యూపీఎస్ కొంటే తీరుతుందా? కొంటే ఎంతది?

డాలస్_శారద

యూపీఎస్ సంగతి తర్వాత. మీ తాతయ్యగారి రికార్డింగులు ఆ ఒక్క డిస్క్ మీదే ఉన్నాయా? ఉంటే ఈ రాత్రికే ఇంకో చోటికి కాపీ చేసి వచ్చి ఇక్కడ చెప్పండి. ఆడియో ఎంతో ఉండదు, పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది. అది కాకుండా ఆ డిస్క్ మీద ఏ ప్రయోగమూ చేయకండి.

తణుకు_కుర్రాడు

నిజమే శారద గారూ. మొత్తం 40 జీబీ లోపే. ఇప్పుడే మినీ పీసీ లోపలి ఎస్‌ఎస్‌డీకి కాపీ పెట్టాను, అక్కడి నుంచి నా ల్యాప్‌టాప్‌కి దిగుతోంది.

రామగుండం_వోల్ట్

మంచి పని చేశారు. ఇప్పుడు కరెంటు సంగతి చూద్దాం. నాకు మూడు విషయాలు చెప్పండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, వైడ్ రేంజ్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది (కొన్నింటి మీద నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది), అది ఎటు ఉంది? డిస్క్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఎంత? సాయంత్రం పూట మీ ఇంట్లో వోల్టేజీ ఎంత చూపిస్తోంది?

తణుకు_కుర్రాడు

నాన్నని అడిగాను. స్విచ్ వైడ్ రేంజ్‌లో ఉంది. సాయంత్రం ఏడు తర్వాత వోల్టేజీ 170 దాకా పడిపోతుందట, అందుకే ఎలక్ట్రీషియన్ అలా పెట్టి వెళ్ళాడట. డిస్క్ అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపులు. ఎన్‌క్లోజర్‌తో వచ్చినదే, బరువు కూడా లేదు. మినీ పీసీది 12 వోల్టులు, 3 ఆంపులు.

రామగుండం_వోల్ట్

అయితే ఏం జరుగుతోందో తెలిసినట్టే.

ఇన్వర్టర్ మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి కొంత సమయం తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో అది సుమారు 10 మిల్లీసెకన్లు. వైడ్ రేంజ్‌లో 20 నుంచి 40 దాకా పోవచ్చు, కంపెనీని బట్టి మారుతుంది. ఫ్యానుకీ లైటుకీ అది లెక్కలోది కాదు. అడాప్టర్‌కి మాత్రం ఆ సేపు లోపలి కెపాసిటర్‌లో ఉన్న నిల్వే గతి. ఆ నిల్వతో ఎంతసేపు నెట్టుకొస్తుందో దాన్ని హోల్డ్-అప్ టైమ్ అంటాం. చవక అడాప్టర్లలో ఆ కెపాసిటర్ చిన్నది. మీ మినీ పీసీది పెద్ద అడాప్టర్, ఆ సమయంలో దానిమీద లోడు పది వాట్లో ఎంతో, కాబట్టి గట్టెక్కుతోంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కెపాసిటర్‌లో నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 దగ్గర ఉండే నిల్వలో 170 దగ్గర దాదాపు సగమే ఉంటుంది. పైగా అడాప్టర్ ఒక స్థాయి కిందికి పడితే పనిచేయదు, కాబట్టి వాడుకోగలిగింది సగం కూడా ఉండదు. అంటే లో వోల్టేజీ ఉన్న సాయంత్రమే కరెంటు పోతే డిస్క్ ఊడే అవకాశం బాగా ఎక్కువ. మీ లాగ్‌లో టైములు చూడండి, చాలావరకు రాత్రి ఏడు దాటాకే ఉంటాయని నా అంచనా.

తణుకు_కుర్రాడు

చూశాను. దాదాపు అన్నీ ఏడు నుంచి పదకొండు మధ్యే! మధ్యాహ్నం పోయినప్పుడు డిస్క్ చాలాసార్లు నిలబడింది. ఇది నాకు అసలు తట్టలేదు.

మరి స్విచ్ యూపీఎస్ మోడ్‌కి మార్చేస్తే?

రామగుండం_వోల్ట్

మీ ఇంట్లో కుదరదు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ సాధారణంగా 180 నుంచి 260 మధ్య ఉంటేనే మెయిన్స్‌ని ఒప్పుకుంటుంది. 170కి పడగానే కరెంటు ఉన్నా లేదనుకుని బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది. రోజూ సాయంత్రం బ్యాటరీ ఖాళీ అవుతుంది, అసలు కోత వచ్చేసరికి ఇల్లంతా చీకటి. ఎలక్ట్రీషియన్ చేసింది ఇంటికి సరైనదే. డిస్క్‌కి విడిగా ఏర్పాటు కావాలి.

ఇంకోటి, 170 అనేది మీరు సర్దుకుపోవాల్సిన విషయం కాదు. గృహ వినియోగానికి 230కి ఆరు శాతం అటూ ఇటూ ఉండాలి, అంటే 216 నుంచి 244. నాన్నగారిని 1912కి ఫోన్ చేసి లో వోల్టేజీ కంప్లయింట్ రాయించమనండి. మూడు ఫేజుల మీద లోడు సమంగా లేకపోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగి ఉండవచ్చు. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి చూస్తే తేలుతుంది. వీధిలో పదిమంది కలిసి రాస్తే పని తొందరగా కదులుతుంది.

కొత్తగూడెం_బిట్స్

ఇంత గొడవ ఎందుకండీ, ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే పోలా? తిరిగే పళ్ళేలు ఉండవు, అడాప్టరూ ఉండదు.

పెంగ్విన్_పాలకొల్లు

అడాప్టర్ ఉండదన్నది మంచి పాయింటే. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే డిస్క్ ఏదైనా, ఎస్‌ఎస్‌డీ కానీ 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ కానీ, పీసీతో పాటే బతుకుతుంది, పీసీతో పాటే ఆగుతుంది. తక్కువ స్థలం చాలనుకునేవాళ్ళకి అదే నా మొదటి సలహా. పాత ల్యాప్‌టాప్‌ని సర్వర్‌గా పెట్టి 2.5 అంగుళాల డిస్క్ తగిలిస్తే ల్యాప్‌టాప్ బ్యాటరీయే రెండింటికీ యూపీఎస్ అవుతుంది. బయోస్‌లోనో, సిస్టమ్ సెట్టింగ్స్‌లోనో ఛార్జింగ్‌కి 60, 80 శాతం లిమిట్ దొరికితే పెట్టండి. ఎప్పుడూ నూరు శాతంలో వేడి మీద ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది.

కానీ ఎస్‌ఎస్‌డీకి కరెంటు కోత వల్ల నష్టం లేదనుకోవద్దు. మామూలు ఎస్‌ఎస్‌డీలలో కరెంటు పోయినా చేతిలో ఉన్న రాత పూర్తి చేసే కెపాసిటర్లు ఉండవు, సర్వర్ రకాల్లోనే ఉంటాయి. పైగా 8 టీబీ ఎస్‌ఎస్‌డీ ధర చూశారా? సినిమాలు, ఫోటోలు దాచడానికి అంత పెట్టక్కర్లేదు.

కడప_కేబుల్

నేను కేబుల్ ఇంటర్నెట్ నడుపుతాను. ఓఎన్‌యూలకీ (ఇంట్లో ఫైబర్ కేబుల్ తగిలించే డబ్బాలు) రౌటర్లకీ మినీ యూపీఎస్‌లు పెట్టడం మాకు నిత్యం ఉండే పని. తణుకు తమ్ముడికి నేను చెప్పేది ఒక్కటే, డిస్క్‌కి డీసీ మినీ యూపీఎస్ పెట్టు. 230 ఏసీని కాపాడ్డం కాదు, డిస్క్‌కి వెళ్ళే 12 వోల్టుల డీసీనే కాపాడు. అప్పుడు ఇన్వర్టర్ నలభై మిల్లీసెకన్లు తీసుకున్నా, నలభై సెకన్లు తీసుకున్నా డిస్క్‌కి తెలియదు.

అయితే కొనేటప్పుడు చూడాల్సినవి ఉన్నాయి. రౌటర్‌కి పనికొచ్చేవన్నీ డిస్క్‌కి పనికిరావు.

రౌటర్ 12 వోల్టులు అని రాసి ఉన్నా లోపల మళ్ళీ తగ్గించుకుంటుంది కాబట్టి 9కి పడినా నడుస్తుంది. 3.5 అంగుళాల డిస్క్ ఆ 12 వోల్టులతోనే నేరుగా మోటారు తిప్పుతుంది. 12కి పది శాతం అటూ ఇటూ దాటితే మొండికేస్తుంది. కొన్ని చవక మినీ యూపీఎస్‌లలో మూడు లిథియం సెల్స్ వరసగా కలిపి నేరుగా బయటికిచ్చేస్తారు. నిండుగా ఉన్నప్పుడు 12.6, ఖాళీ అవుతుంటే 9. అది డిస్క్‌కి వద్దే వద్దు. బ్యాటరీ ఎంత తగ్గినా బయటికి 12 వోల్టులే ఇచ్చే రెగ్యులేటెడ్ అవుట్‌పుట్ ఉన్నది తీసుకో.

రెండోది ఆంపులు. డిస్క్ తిరుగుతున్నప్పుడు ఎనిమిది వాట్లు కూడా తినదు. ఆగిన డిస్క్ లేచి తిరగడం మొదలెట్టేటప్పుడు మాత్రం 12 వోల్టుల మీద రెండు ఆంపుల దాకా లాగుతుంది. కాబట్టి 3 ఆంపులు ఇవ్వగలిగినది చూడు.

ఎంఏహెచ్ లెక్కకి మోసపోకు. డబ్బా మీద 10000 ఎంఏహెచ్ అని ఉంటే అది సెల్ వోల్టేజీ 3.7 దగ్గర. అంటే 37 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా నీ డిస్క్‌ని మూడు, మూడున్నర గంటలు నడుపుతుంది. ఇన్వర్టర్ ఎలాగూ ఉంది కాబట్టి నీకు నిజానికి కావాల్సింది ఆ కొద్ది మిల్లీసెకన్లే.

రామగుండం_వోల్ట్

కడప అన్న చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒక్క మాట కలుపుతాను. ఇన్వర్టర్ బ్యాటరీయే 12 వోల్టులు కదా అని దానికి నేరుగా వైరు లాగి డిస్క్‌కి ఇచ్చేవాళ్ళని చూశాను. దయచేసి ఎవరూ చేయకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు 14.4 దాటుతుంది, ఖాళీ అయినప్పుడు 10.5కి వస్తుంది. డిస్క్ రెండింటినీ తట్టుకోదు. మధ్యలో వోల్టేజీని 12 దగ్గరే నిలిపే బక్-బూస్ట్ కన్వర్టర్, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉంటే తప్ప ఆ ఆలోచనే వద్దు.

పెంగ్విన్_పాలకొల్లు

కడప అన్న చెప్పిన ఆంపుల సంగతికి సాఫ్ట్‌వేర్ వైపు ఒక జత ఉంది. డిస్క్ ఖాళీగా ఉంటే నిద్రపోయేలా సెట్ చేసి ఉంటే, కరెంటు లేనప్పుడు ఎవరో ఫోటో తెరిస్తే అది బ్యాటరీ మీద లేవాల్సి వస్తుంది. హెచ్‌డీపార్మ్ అనే డిస్క్ సెట్టింగుల ఆదేశంలో నిద్ర టైమర్‌ని సున్నా పెట్టండి. కొన్ని ఎన్‌క్లోజర్లు తమంతట తామే డిస్క్‌ని పడుకోబెడతాయి, వాటికి ఈ ఆదేశం ఎక్కదు. అలాంటిదైతే ఇంకో ఎన్‌క్లోజర్ చూసుకోవడమే.

వైజాగ్_సాగరతీరం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేము విశాఖలోనే ఉన్నాం. రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు అన్నీ మొదటి రోజే చల్లబడ్డాయి. అప్పటి నుంచి నాకో అభిప్రాయం ఉంది: ఎంతసేపు నడపగలం అనే లెక్క ఎక్కడో ఒకచోట ఓడిపోతుంది. ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా దాన్ని దాటే కోత ఒకటి వస్తుంది. అది వచ్చినప్పుడు సర్వర్ పద్ధతిగా ఆగుతుందా, బ్యాటరీ చచ్చిపోయి ఆగుతుందా అన్నదే చూడాలి. ఇక్కడ ఇప్పటిదాకా ఎవరూ ఆపడం గురించి మాట్లాడలేదు.

పెంగ్విన్_పాలకొల్లు

మాట్లాడదాం. అసలు పని అక్కడే ఉంది, కాబట్టి కొంచెం పెద్ద పోస్టు.

యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న యూపీఎస్ అయితే దారి తెలిసిందే. నట్ అనే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ వేసుకుంటే, బ్యాటరీ తగ్గగానే యూపీఎస్ చెబుతుంది, సర్వర్ తనంతట ఆగుతుంది. కొన్ని చవక రకాలకి నట్‌లో 'నట్‌డ్రైవ్ క్యూఎక్స్' డ్రైవర్ పనిచేస్తుంది, పెద్ద కంపెనీలవాటికి 'యూఎస్‌బీహిడ్ యూపీఎస్'. తణుకు గారి ఇన్వర్టర్‌కి అలాంటి పోర్టు లేదు. కరెంటు పోయిందని మినీ పీసీకి చెప్పేవాళ్ళు లేరు.

దానికి తేలిక ఉపాయం ఒకటుంది. ఇన్వర్టర్ లైను మీద లేని ప్లగ్గు ఇంట్లో ఎక్కడో ఉంటుంది, సాధారణంగా గీజరుదో, ఏసీదో. దాంట్లో ఒక వైఫై స్మార్ట్ ప్లగ్ పెట్టండి. మినీ పీసీ ప్రతి నిమిషం ఆ ప్లగ్‌ని పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పలకరిస్తుంది. జవాబు రాకపోతే కరెంటు లేనట్టు. ఒక్క జాగ్రత్త: రౌటర్ హ్యాంగ్ అయినా జవాబు రాదు. అందుకని ముందు రౌటర్‌ని పింగ్ చేయాలి. రౌటర్ పలికి, ప్లగ్ పలకకపోతేనే కరెంటు పోయినట్టు లెక్క.

ఇప్పుడు పోయిందని తెలిసింది, ఏం చేయాలి? చాలామంది ఇక్కడ పవరాఫ్ రాస్తారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అది ఇరకాటం. పీసీ ఆగింది, కానీ ఇన్వర్టర్ నుంచి దానికి కరెంటు అందుతూనే ఉంది. గంట తర్వాత అసలు కరెంటు వచ్చింది. పీసీ దృష్టిలో కరెంటు ఎప్పుడూ పోలేదు, కాబట్టి బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ కావాలని పెట్టినా అది లేవదు. మళ్ళీ అమ్మగారికి ఫోన్. యూఎస్‌బీ ఉన్న యూపీఎస్‌తో అయితే నట్ చివర్లో యూపీఎస్‌నే ఆపేసి, మెయిన్స్ వచ్చాక తిరిగి ఆన్ చేయించగలదు. ఇన్వర్టర్‌తో అది కుదరదు.

అందుకని నా సలహా: మినీ పీసీని ఆపొద్దు, డిస్క్‌ని మాత్రం దించండి. కరెంటు పోయిన పదిహేను నిమిషాలకి స్క్రిప్టు కంటైనర్లని ఆపాలి, సింక్ చేయాలి (మెమరీలో మిగిలిన రాతని డిస్క్‌కి ఎక్కించాలి), డిస్క్‌ని అన్‌మౌంట్ చేయాలి (సిస్టమ్ నుంచి విడదీయాలి), తర్వాత హెచ్‌డీపార్మ్ చిన్న వై ఆప్షన్‌తో నిద్రపుచ్చాలి. ఆ స్థితిలో హెడ్లు పక్కకి చేరి ఉంటాయి, ఫైల్ సిస్టమ్ మూసి ఉంటుంది. ఇక ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయి అంతా ఒక్కసారి పడిపోయినా పోయేదేమీ లేదు. స్మార్ట్ ప్లగ్ మళ్ళీ ఐదు నిమిషాలు ఆగకుండా పలికితే మౌంట్ చేసి, కంటైనర్లని లేపాలి. ఆ ఐదు నిమిషాలు ఎందుకంటే, గాలివానలో కరెంటు వచ్చిన వెంటనే మళ్ళీ పోవడం మామూలు.

యూడిస్క్‌సీటీఎల్ అనే డిస్కుల టూల్‌లో పవర్-ఆఫ్ ఆదేశం వాడకండి. అది యూఎస్‌బీ పరికరాన్ని సిస్టమ్ నుంచి తీసేస్తుంది, కేబుల్ పీకి పెడితే గానీ తిరిగి రాదు. దూరం నుంచి చూసుకునేవాళ్ళకి అది శిక్ష.

తణుకు_కుర్రాడు

ఇది నాకు చాలా నచ్చింది. పీసీ, రౌటర్ నడుస్తుంటాయి కాబట్టి నేను లోపలికి వచ్చి చూడగలను కూడా.

ఒక డౌట్. మొత్తం పడిపోయి, కరెంటు వచ్చాక పీసీ ముందు లేచి, డిస్క్ ఇంకా తిరగడం మొదలుపెట్టకపోతే? గత నెలలో పీసీ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది, నెట్‌వర్క్ కూడా రాలేదు.

పెంగ్విన్_పాలకొల్లు

ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో నోఫెయిల్ (డిస్క్ రాకపోయినా బూట్ ఆగొద్దనే ఆప్షన్) లేకపోతే అలాగే అవుతుంది. మూడు మార్పులు చేయండి.

డిస్క్‌ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కాదు, యూయూఐడీతో (మారని గుర్తింపు సంఖ్యతో) రాయండి. ఆప్షన్లలో నోఫెయిల్, దాని పక్కన సిస్టమ్‌డీ డివైస్ టైమౌట్ 60 సెకన్లు పెట్టండి. ఎన్‌క్లోజర్ నిదానంగా లేచినా పీసీ బూట్ అవుతుంది.

అక్కడితో ఆగితే ఇంకో గండం. డిస్క్ రాకుండానే డాకర్ లేస్తే, ఇమ్మిచ్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే, అంటే పీసీ ఎస్‌ఎస్‌డీ మీదే రాయడం మొదలెడుతుంది. అందుకని డాకర్ సర్వీసు ఓవర్‌రైడ్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి మీ మౌంట్ పాత్ ఇవ్వండి. మౌంట్ లేకుండా డాకర్ లేవదు. డిస్క్ అన్‌మౌంట్ అయి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాట్టర్ ప్లస్ ఐ (ఫోల్డర్‌కి తాళం వేసే ఆదేశం) కూడా కొట్టండి. పొరపాటున కూడా ఎవరూ అందులో రాయలేరు. డిస్క్ మౌంట్ అయ్యాక దాని ప్రభావం ఉండదు.

ఇమ్మిచ్ డేటాబేస్ ఎక్కడ ఉంది? ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద ఉంటే లోపలి ఎస్‌ఎస్‌డీకి మార్చండి. ఫోటో ఫైలు ఒకసారి రాస్తే మళ్ళీ ముట్టుకోం. డేటాబేస్ నిరంతరం రాస్తూనే ఉంటుంది, డిస్క్ ఊడితే ముందు దెబ్బతినేది అదే.

తణుకు_కుర్రాడు

డేటాబేస్ కూడా డిస్క్ మీదే ఉంది. ఈ ఆదివారం మారుస్తాను. ఎన్‌క్లోజర్ బటన్ సంగతి ఎవరైనా చెప్పండి.

కడప_కేబుల్

బటన్లు రెండు రకాలు తమ్ముడూ. నొక్కితే లోపలే నిలిచేది, మళ్ళీ నొక్కితే బయటికొచ్చేది ఒకటి. లైట్ స్విచ్ లాగా అటూ ఇటూ పడేది కూడా ఆ కోవదే. కరెంటు పోయి వచ్చినా అది తన స్థితిలోనే ఉంటుంది కాబట్టి డిస్క్ లేస్తుంది. రెండో రకం, నొక్కి వదిలితే యథాస్థానానికి వచ్చేసేది. దాని వెనక చిన్న చిప్ ఉంటుంది, కరెంటు పోతే ఆఫ్ అన్న స్థితికి వచ్చి మనిషి వేలు కోసం ఎదురుచూస్తుంది. సర్వర్‌కి మొదటి రకమే కావాలి. అమ్మేవాళ్ళు ఈ సంగతి డబ్బా మీద రాయరు. దుకాణంలో ఆన్ చేయించి, ప్లగ్ పీకి మళ్ళీ పెట్టించి చూడు. లైటు దానంతటదే వెలిగితే తీసుకో.

నల్లగొండ_నాని

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది రాస్‌బెర్రీ పై 4, దానికి రెండు 2.5 అంగుళాల హార్డ్ డిస్కులు. కరెంటు పోకపోయినా ఒకటి అప్పుడప్పుడూ ఊడుతోంది. ఇదీ అదే సమస్యా?

రామగుండం_వోల్ట్

కాదు నాని గారూ. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి 1.2 ఆంపులే. రెండు డిస్కులు ఒకేసారి లేస్తే అది చాలదు. విడిగా అడాప్టర్ ఉన్న పవర్డ్ హబ్ తీసుకుని డిస్కులు దానికి తగిలించండి. అప్పుడు హబ్ అడాప్టర్‌నీ, పై అడాప్టర్‌నీ ఒకే యూపీఎస్ మీద పెట్టడం మర్చిపోకండి. పై బతికి హబ్ ఆగితే తణుకు గారి పరిస్థితే మీకూ వస్తుంది.

డాలస్_శారద

విదేశాల నుంచి యూపీఎస్ పంపుదామనుకునేవాళ్ళకి ఒక మాట. అడాప్టర్ల మీద 100 నుంచి 240 అని ఉంటుంది కాబట్టి అవి ఎక్కడైనా నడుస్తాయి. అమెరికా యూపీఎస్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసినది. ఇంటికి తీసుకెళ్ళి 230కి పెడితే కాలిపోతుంది. మా చుట్టాలింట్లో ఒకరు సూట్‌కేసులో పెట్టుకెళ్ళబోతుంటే ఆపాను.

2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. అప్పుడు మా ఇంట్లో సర్వర్ ఆగింది, కానీ ఫోటోలన్నీ గుంటూరులో నాన్నగారింట్లోని డిస్క్ మీద ఉన్నాయి. రెస్టిక్ అనే బ్యాకప్ టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి రాత్రిపూట టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ మీదుగా వెళ్తాయి. ఆయన ఫోటోలు ఇటు వస్తాయి. రెండు ఊళ్ళలో ఒకేసారి తుఫాను రాదు కదా. తణుకు గారూ, మీ బెంగళూరు గదిలో చిన్న డిస్క్ ఒకటి పెట్టుకున్నా చాలు.

బెజవాడ_బ్యారేజీ

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు చాలా ఇళ్ళలో గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది. ఇన్వర్టర్లు, బ్యాటరీలు నేల మీదే ఉంటాయి కాబట్టి ముందు పోయినవి అవే. వరద వచ్చే చోట డిస్క్ అటక మీద ఉండాలి. నీళ్ళు వస్తున్నాయని తెలియగానే బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. వేరే ఊళ్ళో కాపీ ఉండాలన్న శారద గారి మాటకి నేను రెండు చేతులూ ఎత్తుతున్నాను.

నల్లగొండ_నాని

ఇంకో ప్రశ్న. నా మెటల్ ఎన్‌క్లోజర్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది. ప్రమాదమా? దీనివల్ల డిస్క్ ఊడుతుందా?

నిర్వాహకుడు

దీనికి నేనే జవాబిస్తాను, భద్రత విషయం కాబట్టి. రెండు పిన్నుల అడాప్టర్లలో ప్రైమరీకీ సెకండరీకీ మధ్య చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. దాని గుండా అతి తక్కువ కరెంటు లీకై, ఎర్త్ లేని మెటల్ డబ్బా మీద ఆ జివ్వుమనడం తెలుస్తుంది. అది సన్నగా ఉంటే మామూలే. గట్టిగా కొడితే మాత్రం ఆ అడాప్టర్ వెంటనే తీసేయండి. సర్వర్ పెట్టిన బోర్డులో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడో రంధ్రం ఉండి వెనక వైరు లేని బోర్డులు మన ఇళ్ళలో ఎన్నో.

ఎర్త్ లేకపోతే స్పైక్ గార్డు కూడా సగమే పనిచేస్తుంది.

రామగుండం_వోల్ట్

స్పైక్ గార్డు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అది మెరుపులాంటి క్షణకాలపు పోటుకి మాత్రమే. మన ఊళ్ళలో అంతకంటే పెద్ద ముప్పు న్యూట్రల్ తెగడం. గాలివానకి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఊడితే కొన్ని ఇళ్ళకి 300, 350, ఇంకా పైకీ వోల్టేజీ వచ్చేస్తుంది, అలాగే నిలబడుతుంది. స్పైక్ గార్డులోని ఎంఓవీ (పోటుని మింగే భాగం) అంతసేపు తట్టుకోలేక కాలిపోతుంది, వెనక ఉన్నవీ పోతాయి. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ కటాఫ్ ఒకటి పెట్టించండి. 270 దాటగానే ఇల్లంతా ఆపేస్తుంది, సర్దుకున్నాక ఆలస్యంగా తిరిగి ఇస్తుంది. సర్వర్‌కే కాదు, ఫ్రిజ్‌కీ టీవీకీ కూడా అదే రక్ష. ఇక స్టెబిలైజర్ అంటారా, 100-240 అడాప్టర్లకి అక్కర్లేదు. రిలే మారేటప్పుడు అదే ఒక చిన్న కోత పెడుతుంది.

తణుకు_కుర్రాడు

ఊరెళ్ళి అన్నీ పెట్టి వచ్చాను. 12 వోల్టులు 3 ఆంపుల రెగ్యులేటెడ్ మినీ యూపీఎస్, లోపల నిలిచే బటన్ ఉన్న ఎన్‌క్లోజర్, గీజరు ప్లగ్గులో స్మార్ట్ ప్లగ్, పెంగ్విన్ గారి స్క్రిప్టు. డేటాబేస్ ఎస్‌ఎస్‌డీకి మారింది. కాపీలన్నీ చూసుకున్నాక, సాయంత్రం వోల్టేజీ 172 ఉన్నప్పుడు పెద్ద ఫైలు కాపీ అవుతుండగా మెయిన్ ఎంసీబీ దించాను. లాగ్‌లో ఒక్క యూఎస్‌బీ లైను కూడా పడలేదు! పదిహేను నిమిషాలకి డిస్క్ దిగింది, కరెంటు ఇచ్చాక తిరిగి ఎక్కింది. నాన్న 1912లో కంప్లయింట్ రాయించారు, లైన్‌మన్ వచ్చి ఫేజులు కొలిచి వెళ్ళాడు. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

వైజాగ్_సాగరతీరం

చాలా సంతోషం. ఇన్నాళ్ళు దెబ్బలు తిన్న డిస్క్ కదా, స్మార్ట్‌సీటీఎల్‌తో ఆరోగ్యం చూశారా? యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అయితే డివైస్ రకం శాట్ అని ఇవ్వాల్సి రావచ్చు.

తణుకు_కుర్రాడు

చూశాను. 5, 197 నంబర్ల లెక్కలు రెండూ సున్నా. 192 మాత్రం బాగా పెరిగి ఉంది. డిస్క్ మార్చాలా?

వైజాగ్_సాగరతీరం

5 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు, 197 అంటే చదవలేక అనుమానంలో ఉన్నవి. ఆ రెండూ సున్నా అయితే పళ్ళేలకి ఇప్పటికి దెబ్బ లేదు. 192 అనేది కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు హెడ్లు అత్యవసరంగా వెనక్కి పరిగెత్తిన సందర్భాల లెక్క. మామూలుగా దించుకునే లెక్క 193లో ఉంటుంది, దాన్ని లక్షల్లో తట్టుకునేలా తయారుచేస్తారు. అత్యవసర రకాన్ని తట్టుకునే సంఖ్య అంతకంటే చాలా తక్కువ. కొన్ని డిస్కులు మామూలు ఆఫ్‌ని కూడా 192లోనే కలిపేస్తాయి, కాబట్టి అంకె పెద్దదని ఇప్పుడే మార్చక్కర్లేదు. ఈ రోజు అంకె రాసి పెట్టుకోండి. వానాకాలం అయ్యాక మళ్ళీ చూడండి. మీ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తుంటే అది కదలకూడదు. ఈలోగా లాంగ్ సెల్ఫ్ టెస్ట్ ఒకటి నడపండి, 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది. అది నడుస్తున్నంతసేపు ఎన్‌క్లోజర్ డిస్క్‌ని నిద్రపుచ్చకుండా చూసుకోండి, నిద్రపోతే టెస్ట్ మధ్యలో ఆగిపోతుంది.